క్రియతోను సత్యముతోను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

“మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమింతము” (1 యోహాను 3:18) అన్న వాక్యం మీద ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగాం. ప్రేమంటే ఏమిటని అడిగినవాళ్లు తక్కువ. ఎలా చేయాలి, ఎంత ఇవ్వాలి, చేస్తే ఎందుకు చెడింది అని అడిగినవాళ్లే ఎక్కువ. మాకూ అదే నచ్చింది. ఒడిశా వైపు తెలుగు సంఘాల నుంచి వచ్చిన ఉత్తరాలకి ఈసారి చోటిచ్చాం.

ప్రశ్న: మా సంఘంలో ఒక పెద్దాయన పక్షవాతంతో నాలుగు నెలలుగా మంచంలోనే ఉన్నారు. కోడలు ఒక్కతే చూసుకుంటోంది. స్త్రీల సమాజం తరఫున పదిమందిమి వారం వారం వెళ్లి, పాటలు పాడి, ప్రార్థన చేసి వస్తున్నాం. ఈ మధ్య ఆ అమ్మాయి మమ్మల్ని చూస్తే మొహం చిట్లిస్తోంది. మా వల్ల ఏం తప్పు జరిగింది?
– ఒక సహోదరి, రాయగడ

జవాబు: తప్పు పాటల్లో లేదమ్మా, పదిమందిలో ఉంది. మీరు వస్తున్నారంటే ఆ అమ్మాయి ఇల్లు ఊడవాలి, మామగారి పక్కగుడ్డ మార్చాలి, పది గ్లాసుల టీ కాచాలి, మీరు వెళ్లాక గ్లాసులు కడగాలి. ఆదరణ అనుకుని మీరు తీసుకెళ్తున్నది ఆమెకి ఇంకో పూట చాకిరీ అవుతోంది.

కదలలేని మనిషిని రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి. అంటే రోజుకి 12 సార్లు. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలవి కూడా అందులోవే. ఆమె ఈ పని సరిగ్గా చేస్తున్నట్లయితే నాలుగు నెలలుగా ఒక్క రాత్రీ కంటినిండా నిద్రపోయి ఉండదు. కాబట్టి మీరు మొదట ఇవ్వవలసింది నిద్ర. పదిమందీ ఒకేసారి వెళ్లడం మానేసి, రోజుకి ఒకరో ఇద్దరో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వెళ్లండి. ఆ మూడు గంటలూ ఆమె పడుకుంటుందో, తలంటుకుంటుందో, బజారుకే వెళ్తుందో ఆమె ఇష్టం. “మేమున్నాం, నువ్వు పడుకో” అని చెప్పి, మళ్లీ పది నిమిషాలకోసారి లేపి “దుప్పటి ఎక్కడుంది?” అని అడగకండి. వెళ్లిన మొదటి రోజే ఏ వస్తువు ఎక్కడుంటుందో చూసి పెట్టుకోండి.

పని నేర్చుకోకుండా మాత్రం వెళ్లవద్దు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రి నర్సునో, ఫిజియోథెరపీ చేసేవారినో అడిగితే అరగంటలో చేసి చూపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు రెండుసార్లు పక్కన నిలబడి చూశాకే చెయ్యి వెయ్యాలి. ముఖ్యమైనవి ఇవి. తిప్పేటప్పుడు చచ్చుబడిన చేతిని పట్టి లాగకూడదు, చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. ఆ భుజం పట్టు తప్పి జారిపోతుంది, తర్వాత నెలల తరబడి నొప్పి. నడుము కింద అడ్డంగా ఒక మడత దుప్పటి పరిచి, ఇద్దరు రెండు వైపులా దాన్ని పట్టుకుని జరపాలి. పూర్తిగా పక్కకి పడుకోబెడితే తుంటి ఎముక మీదే బరువంతా పడుతుంది. అందుకని కొద్దిగా ఒరిగేట్టు మాత్రమే తిప్పి, వీపు వెనక దిండు ఆనించండి. పిక్కల కింద పొడుగ్గా ఒక దిండు పెడితే మడమలు పక్కకి తగలకుండా గాలిలో ఉంటాయి. నడుము కింది ఎముక, తుంటి, మడమ, భుజపు రెక్క, చెవి, ఈ చోట్ల చర్మం ఎర్రబడిందేమో ప్రతిసారీ చూడాలి. ఆ ఎరుపు మీద వేలితో నొక్కి తీస్తే తెల్లబడి మళ్లీ ఎర్రబడిందంటే ఇంకా సమయముంది. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ నూనె పెట్టి రుద్దడం చాలామంది చేసే పొరపాటు. లోపల నలిగిన కండ ఇంకా నలుగుతుంది. బరువు ఆ చోట పడకుండా చూసి, నర్సుకి చూపించాలి. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండ్లూ వద్దు, రంధ్రం అంచున రక్తం ఆగిపోతుంది.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. చిన్న చెంచాతో, మూతి బాగున్న వైపు పెట్టాలి. ఒక ముద్ద మింగాకే ఇంకోటి. పల్చటి నీళ్ల కంటే చిక్కటి జావ సులువుగా మింగుతారు. మన వైపు ఎలాగూ మండియా (రాగి) జావ ప్రతి ఇంట్లో ఉంటుంది. తాగగానే దగ్గు వచ్చినా, గొంతు నీళ్లు నిండినట్టు గరగరలాడినా అక్కడితో ఆపి డాక్టరుకి చెప్పాలి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మంచంలో ఉన్నవాళ్లని ఎక్కువగా తీసుకుపోయేవాటిలో అదొకటి. మూత్రం గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ పొట్ట కంటే కిందుగా వేలాడాలి, నేలకి తగలకూడదు.

మంచంలో ఉన్నది మగమనిషి కాబట్టి ఒళ్లు తుడవడానికి, గుడ్డలు మార్చడానికి సంఘంలోని మగవాళ్లు రావాలి. “మా వాళ్లకి ఇవి చేతకావు” అనే మాట మేం ఒప్పుకోం. యోహాను 13లో తువాలు నడుముకి కట్టుకుని పాదాలు కడిగిన యేసూ మగమనిషే, కడిగించుకున్న శిష్యులూ మగవాళ్లే.

ఇలాంటి వంతులు సాధారణంగా మూడోవారంలో దెబ్బతింటాయి. మొదటి పదిహేను రోజులూ అందరూ వస్తారు. ఆ తర్వాత పెళ్లి, జ్వరం, పిల్లల పరీక్షలు. కాబట్టి “వీలైనప్పుడు వస్తాం” అన్నవాళ్ల పేరు రాసుకోవద్దు. మూడు నెలలు, వారంలో ఫలానా రోజు అని ఒప్పుకున్నవాళ్ల పేర్లే రాయండి. రాలేని రోజుకి మనిషిని కుదిర్చే బాధ్యత కోడలిది కాదు, రాలేకపోయినవారిది. ముందురోజు సాయంత్రానికే తేలిపోవాలి. చెప్పి రాకపోవడం కంటే అసలు రామని చెప్పడమే ఆమెకి మేలు.

ఇంకొక్క మాట. పక్షవాతానికి పావురం రక్తం రాయడం గురించి ఆ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా చెప్పి ఉంటారు. దానివల్ల పావురం చావడం తప్ప జరిగేదేమీ లేదు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దకావడం కనిపిస్తే గడియారం చూసి, చివరిసారి బాగున్న సమయం రాసుకుని 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డని కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. ప్రార్థన అంబులెన్సులో కూర్చుని చేయవచ్చు.

ప్రశ్న: ఉద్దానం వైపు నుంచి మా మేనమామ డయాలిసిస్ కోసం బరంపురం వస్తారు. సంఘంలో అందరూ ప్రేమగా కొబ్బరిబొండాలు, అరటిపళ్లు తెచ్చి ఇస్తున్నారు. ఆసుపత్రివాళ్లు వద్దంటున్నారు. తెచ్చినవాళ్లని నొప్పించడం ఎలా?
– బరంపురం పాఠకుడు

జవాబు: నొప్పించండి. మూత్రపిండాలు పనిచేయని మనిషి ఒంట్లోంచి పొటాషియం బయటికి పోదు. కొబ్బరినీళ్లలో, అరటిపండులో అదే ఎక్కువ. రక్తంలో అది పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, ముందు హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు మనుషులకి బొండం ఇవ్వడం మర్యాద, తెలుసు. ఆ మర్యాదే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. బత్తాయి రసం, ఎండు ఖర్జూరం, టమాటా పచ్చడి, మునగాకు కూడా అంతే. ఉప్పు ఎక్కువ కాబట్టి ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు కూడా వద్దు. “ఉప్పు తగ్గించాం కదా” అని తక్కువ సోడియం ఉప్పు కొనిపెట్టేవాళ్లున్నారు. అందులో సోడియం బదులు వేసేది పొటాషియమే. కూర వండి పంపాలనుకుంటే ముక్కలు చిన్నవిగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంచేసి, అప్పుడు పోపు పెట్టండి. ఏది ఎంత తినవచ్చో ఆయన చీటీలో రాసి ఉంటుంది. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని సంఘంలో వండేవాళ్లందరికీ పంపితే సగం తగవు తీరుతుంది.

దాహం ఈ జబ్బులో పెద్ద బాధ. రోజుకి ఇన్ని నీళ్లే అని డాక్టరు కొలత చెప్తారు. ఆ కొలతలో టీ, మజ్జిగ, పప్పుచారు అన్నీ లెక్కే. ఇంటికి వచ్చినప్పుడు పెద్ద గ్లాసుతో నీళ్లు ఇచ్చి “తాగండి మావయ్యా” అని బలవంతం చేయకండి. చిన్న గ్లాసు పెట్టండి. (ప్రభు బల్ల దగ్గర ఇచ్చే చిన్న గిన్నెతో ఏ ఇబ్బందీ లేదు. అది కూడా ఒకరు అడిగారు కాబట్టి చెప్తున్నాం.)

నిజంగా ఉపయోగపడేది తిరుగు ప్రయాణం. డయాలిసిస్ నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. అయ్యాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పొద్దున దింపేవాళ్లు దొరుకుతారు, సాయంత్రం ఎక్కించుకునేవాళ్లు దొరకరు. బండి వెనక ఒంటరిగా కూర్చోబెట్టకుండా ఆటోలోనో బస్సులోనో పక్కన ఒకరు కూర్చోవాలి. సూది గుచ్చే ఫిస్టులా ఉన్న చేతికి సంచి తగిలించకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, గట్టి గడియారం పెట్టకూడదు. ఆ చోట వేలు పెడితే జుమ్మని కదలిక తెలియాలి. తెలియకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తోడు వచ్చే కొడుకుకి వారంలో మూడు రోజుల కూలి పోతుంది. రెండు రోజులు సంఘం మనిషి తోడు వెళ్తే ఆ ఇంటికి రెండు రోజుల కూలి మిగిలినట్టు. చేతిలో డబ్బు పెట్టడం కంటే ఇది మర్యాదగా ఉంటుంది.

ఉపవాస ప్రార్థనలకి ఆయన్ని పిలిస్తే తిండి, మందులు ఆపమని చెప్పకండి. విశ్వాసముంటే డయాలిసిస్ మానెయ్యమని ఎవరైనా చెప్తే వాళ్లని ఆ ఇంటి గడప తొక్కనివ్వకండి. ఈ విషయంలో మాకు మెత్తటి మాట లేదు.

ప్రశ్న: మా సంఘంలో 26 కుటుంబాలు వండే ప్రతి పూటా లేనివాళ్ల కోసం పిడికెడు బియ్యం పక్కన తీస్తున్నాయి. తెలుగువాళ్లం, సవరవాళ్లం కలిసి ఉంటాం. సవర కుటుంబాలవాళ్లు “మా ముసలివాళ్లకి రావడం లేదు” అంటున్నారు. పంచేవాళ్లు మంచివాళ్లే. ఈ గొడవ ఎలా తీరుతుంది?
– సంఘ పెద్ద, గుణుపురం

జవాబు: ఈ గొడవ అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలోదే. అనుదిన పరిచర్యలో, అంటే రోజూ తిండి పంచడంలో, తమ విధవరాండ్రని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు “పంచేవాళ్లు మంచివాళ్లే” అని సర్దిచెప్పలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మీరూ అదే చేయండి. ముగ్గురితో కమిటీ వేస్తే అందులో ఇద్దరు సవరవాళ్లుండాలి, ఒకరు స్త్రీ కావాలి. జాబితా కోసం చర్చించేది తెలుగులోనే అయితే వాళ్లున్నా లేనట్టే. సవరలో మాట్లాడనివ్వండి, మీకు ఎవరైనా తిప్పి చెప్తారు.

ఇక లెక్క. పిడికెడు బియ్యం సుమారు 40 గ్రాములు. రోజుకి రెండు పూటలు తీస్తే ఇంటికి నెలకి 2.4 కిలోలు, 26 ఇళ్లకి 62 కిలోల పైచిలుకు. ఇది కాగితం మీద లెక్క. ఊళ్లకి పోయిన రోజులు, మరిచిపోయిన పూటలు తీసేస్తే సగం వస్తుందనుకుని నడపండి: 30 కిలోలు. ఒంటరిగా ఉండే ముసలివారికి నెలకి 10 కిలోలు కావాలి. అంటే మీ బియ్యం ముగ్గురికి సరిపోతాయి. పదిహేనుమందికి తలా రెండు కిలోలు పంచితే అందరికీ ఇచ్చినట్టు కనిపిస్తుంది కానీ ఎవరి పొయ్యీ నెల పొడుగునా వెలగదు. మీ దగ్గర గొడవకి ఇదీ ఒక కారణం కావచ్చు. ముగ్గురిని ఎంచుకోండి, పూర్తిగా ఇవ్వండి, ఆరు నెలలకోసారి జాబితా మళ్లీ చూడండి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. మన వైపు కొన్ని ఇళ్లలో ఉప్పుడు బియ్యం, కొన్ని ఇళ్లలో పచ్చి బియ్యం తింటారు. అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తే వండినప్పుడు పచ్చి బియ్యం మెత్తబడి జావైపోతాయి, ఉప్పుడు బియ్యం ఇంకా పలుకు మీదే ఉంటాయి. తీసుకున్నవాళ్లు పైకి అనరు. కానీ ఆ అన్నం తిన్న ప్రతిసారీ “ఇది అడుక్కున్న బియ్యం” అని గుర్తుకొస్తుంది. రెండు డ్రమ్ములు పెట్టండి. కొత్త బియ్యం, పాత బియ్యం కూడా కలపవద్దు. మూత గట్టిగా ఉన్న రేకు డ్రమ్ము, కింద ఇటుకలు, పైన ఎండిన వేపాకు. వర్షాకాలంలో నెలకి మించి నిలవ ఉంచకండి, పురుగు పడుతుంది. పురుగు పట్టినవి ఎండబోసి చెరిగి మీ ఇంట్లో వండుకోండి, వాళ్లకి మంచివి కొనివ్వండి.

పంచడం ఆదివారం ఆరాధన అయ్యాక వరసలో నిలబెట్టి కాదు. శనివారం సాయంత్రం ఇంటికే చేర్చాలి, ఇచ్చి వెంటనే వచ్చెయ్యాలి. ద్వితీయోపదేశకాండము 24లో ఒక మాట ఉంది: అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అవతలివాడి ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి, అతడే తెచ్చి ఇస్తాడు. అప్పు ఇచ్చినవాడికే అంత హద్దుంటే, ధర్మం ఇచ్చినవాడు “పొయ్యి మీద ఏం కూర?” అని లోపలికి తొంగిచూడటం ఏం న్యాయం?

పుస్తకంలో తేదీ, వచ్చిన కిలోలు, వెళ్లిన కిలోలు, మిగిలినవి రాయండి. ఇద్దరు సంతకం పెట్టాలి. డ్రమ్ముకి రెండు తాళాలు, రెండు ఇళ్లలో. సంఘంలో చదివేటప్పుడు “మూడు ఇళ్లకి 30 కిలోలు” అని మాత్రం చదవండి, పేర్లు వద్దు. ఇది నమ్మకం లేక కాదు. యెరూషలేముకి కానుక మోసుకెళ్లేటప్పుడు పౌలే ఒంటరిగా వెళ్లలేదు, ఎవరూ తప్పుపట్టకుండా పక్కన మనుషుల్ని పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:20).

ప్రశ్న: వరదల్లో మునిగిన పక్క ఊరివాళ్లకి సామాన్లు ఇద్దామనుకున్నాం. వాళ్లు క్రైస్తవులు కారు. ప్రతి పొట్లంలో ఒక కరపత్రం పెట్టాలని కొందరు, వద్దని కొందరు. మీరేమంటారు?
– యువజన కూటం, రాయగడ జిల్లా

జవాబు: పెట్టకండి. చట్టం సంగతి ముందు చెప్తాం, తేలిక కాబట్టి. ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం బలవంతం, ప్రలోభం, మోసం వల్ల జరిగే మతమార్పిడిని నేరం చేసింది. ప్రలోభం అంటే డబ్బు రూపంలో గానీ వస్తు రూపంలో గానీ ఇచ్చే కానుక కూడా అని అందులోనే రాసి ఉంది. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. బియ్యం పొట్లంలో కరపత్రం ఉంటే మీ మనసులో ఏముందో ఎవరికీ కనపడదు, పొట్లమే కనపడుతుంది.

అయితే చట్టం లేకపోయినా మా జవాబు ఇదే. యేసు పదిమంది కుష్ఠరోగుల్ని బాగుచేస్తే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే (లూకా 17). మిగతా తొమ్మిదిమందికి కుష్ఠు మళ్లీ వచ్చిందని ఎక్కడా లేదు. ఇక దొంగలు కొట్టి పడేసిన పరాయివాణ్ని ఆదుకున్న సమరయుడి సంగతి (లూకా 10) తెలిసిందే. దేవుణ్ని ఏ కొండ మీద ఆరాధించాలన్నదే సమరయులకి, యూదులకి ఉన్న పెద్ద తగవు. గాయపడినవాణ్ని గాడిద మీద ఎక్కించేటప్పుడు అతను ఆ మాటే ఎత్తలేదు.

చేసేటప్పుడు ఇలా చేయండి. జాబితా మీరు రాయకండి, వార్డు మెంబరు, ఆశా కార్యకర్త రాయాలి. అందులో ఏ కుటుంబం ఉన్నా పొట్లం ఒకటే, మీ సంఘంవాళ్లు ఉన్నా అదే. పంచే చోటు గుడీ కాదు, చర్చీ కాదు. బడి వరండా మంచిది. పొట్లం మీద సంఘం పేరున్న స్టిక్కరు వద్దు. కూటానికి రమ్మని ఆ రోజున పిలవకండి. ఎవరైనా “మీరెందుకు ఇస్తున్నారు?” అని అడిగితే ఉన్నమాట చెప్పండి, అది దాచాల్సిన పని లేదు.

ప్రశ్న: తాగి డబ్బు పాడుచేసే సహోదరుడికి సాయం చేయాలా? “పనిచేయనొల్లని యెడల భోజనము చేయకూడదు” అని ఉంది కదా?
– పర్లాకిమిడి పాఠకుడు

జవాబు: 2 థెస్సలొనీక 3:10లో ఉన్న మాట “ఒల్లని”. చేయలేనివాడి గురించి కాదు, చేయనన్నవాడి గురించి. పైగా అది అతనికి; అతని భార్యాపిల్లలకి కాదు. చేతికి డబ్బు ఇవ్వకండి. బడి ఫీజు బడిలో, మందుల డబ్బు మందుల కొట్టులో కట్టండి. బియ్యం ఇస్తే అమ్మి తాగుతాడని భయముంటే ఏం చేయమంటుందో ఆమెనే అడగండి, ఆమెకి తెలిసినంత మీకు తెలియదు.

మేం ఎక్కువ భయపడేది ఇంకో విషయానికి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి చేత ఆదివారం సంఘం ముందు “ఈరోజు నుంచి చుక్క ముట్టను” అని ప్రమాణం చేయిస్తారు. ఇంటికెళ్లాక ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనపడి కేకలు వేయవచ్చు. “దయ్యం పట్టింది” అని దాన్ని వదిలించే ప్రార్థన మొదలుపెడతారు. అది దయ్యం కాదు, మద్యం ఒక్కసారిగా ఆగినందువల్ల మెదడులో పుట్టిన అలజడి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ప్రమాణం చేయించే ముందే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందులతో క్రమంగా దింపుతారు. ఫోన్లో సలహాకి మత్తు విడుపు సహాయ నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. మానేశాక సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అతనికి తోడు ఉండే మనిషిని చూడండి. ఒంటరిగా ఉన్నప్పుడే కాళ్లు కొట్టు వైపు లాగేది.

ప్రశ్న: సాయం చేస్తూ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టడం తప్పా? దాతలు అడుగుతున్నారు.
– కోరాపుట్

జవాబు: బియ్యం బస్తాల ఫొటో తీయండి, కొట్టు రసీదు ఫొటో తీయండి. మొహాలు వద్దు. మొహాలే కావాలనే దాతకి మత్తయి 6:3 పంపండి: కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదు.

ప్రశ్న: తుఫాను వచ్చిన ప్రతిసారీ సంఘాలన్నీ పాత బట్టలు పోగుచేసి పంపుతాయి. సగం అక్కడే రోడ్డు మీద పడి ఉంటున్నాయి. వాటి బదులు ఏం పంపాలి, ఎప్పుడు?
– ఛత్రపురం పాఠకురాలు

జవాబు: ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. అక్టోబరు వచ్చిందంటే మీ జిల్లాకి ఈ ప్రశ్న వచ్చినట్టే. కాబట్టి సామాను సెప్టెంబరులోనే కొని పెట్టుకోవాలి. తుఫాను మర్నాడు కొంటే ధరా మండిపోతుంది, లారీ కూడా దొరకదు.

పాత బట్టలు పడి ఉండటానికి కారణముంది. తడిసిన ఊళ్లో వాటిని విడదీసి, కొలత చూసి ఇచ్చే మనిషి ఉండడు, ఆరేసే చోటూ ఉండదు. కొత్త చీరలు, లుంగీలు, పిల్లల గౌన్లు, లోదుస్తులు, నెలసరి గుడ్డలు కొలతల వారీగా కట్టలు కట్టి పంపండి. తక్కువైనా ఫరవాలేదు.

మొదటి రెండు రోజులు కట్టెలు తడిసి ఉంటాయి, పొయ్యి వెలగదు. అప్పుడు బియ్యం పంపడం దండగ. అటుకులు, బెల్లం పంపండి. చుడా, గుడ అని ఒడియావాళ్లు ఇంట్లో ఎప్పుడూ పెట్టుకునేది ఇందుకే. మూడో రోజు నుంచి వంట సామాను. ఐదుగురున్న ఇంటికి వారానికి 12 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, లీటరు నూనె, కిలో ఉప్పు, పాలిథిన్‌లో చుట్టిన అగ్గిపెట్టెలు. పప్పు పెసరపప్పు అయితే మేలు, కంది కంటే తొందరగా ఉడుకుతుంది. పైకప్పు పోయిన ఇంటికి టార్పాలిన్‌తో పాటు తాడు కూడా ఇవ్వాలి. తాడు మరిచిపోతే టార్పాలిన్ గాలికి లేచిపోతుంది.

నీళ్లు కాచి తాగమనండి. కట్టెలు లేకపోతే క్లోరిన్ బిళ్లలు ఆశా దగ్గర దొరుకుతాయి. పాకెట్ మీద రాసినంతే వేసి, అరగంట ఆగి తాగాలి. బురద నీళ్లలో బిళ్ల పనిచేయదు, ముందు గుడ్డతో వడకట్టాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పాకెట్, లేకపోతే లీటరు మంచినీళ్లలో తల కొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువ వేస్తే పిల్లలకి ప్రమాదం, అందుకని కలిపినవాళ్లు ముందు రుచి చూడాలి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయండి.

తర్వాత నలభై రోజులకి మళ్లీ వెళ్లండి. సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి ఊరుకోలేదు. మరల వచ్చినప్పుడు మిగతాది తీరుస్తానన్నాడు. అప్పటికి టీవీవాళ్లు, లారీలు వెళ్లిపోయి ఉంటారు. ఆ ఇళ్లలో అప్పుడు కావలసింది తడిసిపోయిన కాగితాల బదులు కొత్తవి: ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పొలం పట్టా. వాటికీ, పంట నష్టానికీ దరఖాస్తులు ఒడియాలో నింపాలి. మన తెలుగువాళ్లలో పెద్దవాళ్లు చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఒడియా బాగా రాసే కుర్రాళ్లు ఇద్దర్ని తీసుకెళ్లి బడి వరండాలో బల్ల వేసి కూర్చోండి. నల్ల పెన్నులు, వేలిముద్ర ప్యాడ్, గమ్ము, తెల్ల కాగితాలు, ఫోన్ ఛార్జర్ తీసుకెళ్లండి. ప్రతి దరఖాస్తుకీ ఫోన్లో ఫొటో తీసి, ఆఫీసులో ఇచ్చిన రసీదు నంబరు ఆ ఇంటివాళ్ల చేత ఒక పుస్తకంలో రాయించండి. ఆ నంబరు లేకపోతే వచ్చే నెల బ్లాక్ ఆఫీసులో “మీ కాగితం రాలేదు” అంటారు.